గాలి తిరిగేదాకా

జవహర్‌నగర్‌లో చుట్టాలను పిలిచేముందు పంచాంగం చూడరు, గాలిని చూస్తారు. తూర్పు నుంచి వీస్తే పిలవవచ్చు. పడమటి నుంచి వీస్తే, వస్తామన్నవాళ్లకు కూడా ఏదో ఒక సాకు చెప్పి మరో రోజుకు జరపాలి. సరళ వాళ్ల కాలనీకి పడమట చెత్తగుట్ట ఉంది. మహానగరం తాను తిని, తాగి, వాడి, విసుగెత్తి పారేసినదంతా తెచ్చి అక్కడే పోస్తుంది. పోసేచోట మనుషులున్నారన్న సంగతి పోసేవాళ్లకు తెలియక కాదు. తెలిసినా లెక్కలోకి రాని మనుషులు కావడం వల్ల.

సరళకు ఈ గాలి విద్య అక్కడ చెత్త పోయడం మొదలైన మొదటి ఏడాదే పట్టుబడింది. పొద్దున లేవగానే డాబా మీద చీర కొంగు ఎటు ఊగుతున్నదో చూసి, ఆ రోజు బట్టలు బయట ఆరేయాలో గదిలో తీగ కట్టాలో నిర్ణయించుకుంటుంది. చిత్రమేమిటంటే ఆ వాసన ఇప్పుడు ఆమె ముక్కుకు ఆనదు. ముక్కు ఎప్పుడో రాజీ పడిపోయింది. ఎన్నడైనా సందేహం కలిగితే సందు మొగలో ఆగే షేర్ ఆటో అతన్ని అడుగుతుంది: "తమ్ముడూ, ఇయ్యాల వస్తాందా?" ఏమిటి వస్తున్నదని అతను తిరిగి అడగడు. బయటి నుంచి వచ్చేవాడి ముక్కు ఇంకా బతికే ఉంటుంది కనుక అతని మాటే ప్రమాణం.

ఇంత తెలిసిన మనిషినీ ఆ గాలి ఒకసారి దగా చేసింది. కిందటి ఏడు కూతురు కావ్యకు దుండిగల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లు వచ్చే రోజు పొద్దున పడమటి గాలి. సరళ బెదరలేదు. మధ్యాహ్నానికి తిరుగుతుందని అంచనా వేసి, భర్త మల్లేష్‌ను ఎదురు పంపి, వచ్చినవాళ్లను వచ్చినట్టే కీసరగుట్టకు తీసుకుపోయి దర్శనం చేయించుకుని రమ్మన్నది. "గింత దూరం వచ్చి దేవుణ్ని చూడకుంటే బాగుండదు" అంటూ మల్లేష్ వాళ్లను గుట్ట ఎక్కించాడు. అనుకున్నట్టే గాలి తిరిగింది. విస్తళ్లు పడ్డాయి. తీరా పాయసం వడ్డించే వేళకు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, గాలి మళ్లీ వెనక్కి వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పాయసం గిన్నెలు అట్లాగే మిగిలాయి. వెళ్తూ వెళ్తూ ఆమె సందులో నిలబడి, తగ్గించవలసినంత తగ్గించని గొంతుతో అన్న మాట ఇది: "పిల్ల మంచిగనే ఉన్నది. రేపు పిల్లలు పుడితే గీ పుట్టింటికి ఎట్ల తోలుతం?"

గిన్నెలు తీస్తున్న కావ్య ఆ మాట విన్నది. విననట్టుగా గిన్నెలు తీసింది. మేనత్త మాట కంటే, కూతురి ఆ నటన సరళను ఎక్కువ కోసింది.

ఆ రోజే ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. ఇకమీద ఏ సంబంధం వాళ్ల దగ్గరా జవహర్‌నగర్ అన్న పేరు నోట రాకూడదు. శామీర్‌పేటలో చిన్నమ్మ ఈదమ్మకు చెరువుకు ఎదురుగా ఇల్లుంది. ముందు వసారా, పక్కన జామచెట్టు, గుమ్మంలో నిలబడితే నీళ్ల మీది వెలుగు. "నా ఇల్లు నీది గాదా? పెండ్లి అయిందాక మీదే అని చెప్పుకోన్రి" అని ఈదమ్మ కూడా అన్నది. పుట్టిన ఊరు పేరు చెప్పుకోవడానికి మనుషులు సిగ్గుపడవలసి వస్తే ఆ సిగ్గు ఎవరిది కావాలో సరళకు బాగానే తెలుసు. అయితే తెలిసినంత మాత్రాన పిల్ల పెళ్లి కాదు.

ఈసారి సంబంధం వెతకవలసిన పని పడలేదు. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో కావ్య పనిచేస్తుంది. అదే విభాగంలో పనిచేసే సాయినాథ్, ఆమె, ఒకరినొకరు ఇష్టపడ్డారు. సాయినాథ్‌ది విశాఖపట్నం. కావ్యను దింపడానికి రెండు మూడుసార్లు ఇంటికి వచ్చాడు, టీ తాగాడు, పడమటి గాలి వీస్తున్న రోజున కూడా తీరుబడిగా కూర్చుని బజ్జీలు తిన్నాడు. ఒక్కసారైనా అతని చెయ్యి ముక్కు దాకా పోతుందేమోనని సరళ కనిపెట్టి చూసింది. పోలేదు. ఎంత సంస్కారమో అనుకుంది.

కాని సంస్కారం కొడుకుకు ఉంటే చాలదు. అతని తల్లి నూకరత్నం ఫోన్ చేసి ఊరూ వాడా అడిగినప్పుడు సరళ శామీర్‌పేట అనే చెప్పింది. అటు నుంచి "సెరువు ఎదురుగానా? ఎంత అదృష్టమండి ఒదినగోరూ" అన్న మాట వినబడినప్పుడు ఆమె గొంతు ఒక్క క్షణం తడబడింది. ఆ క్షణం దాటాక మళ్లీ నిలదొక్కుకుంది.

మాట ఇచ్చుకునే ముందు ఆడపిల్లవాళ్లు మగపిల్లవాడి ఇల్లు చూసి రావడం ఆనవాయితీ. మల్లేష్ డీసీఎం లారీ తోలుకుని నాగపూర్ పోయి ఉన్నాడు. "ఇల్లు చూసుడు నాకేం తెలుస్తది? గోడలున్నయా, కప్పున్నదా అని చూసొస్త. నువ్వే పోయిరా" అన్నాడు ఫోన్లో. పెళ్లికూతురు వెంట వెళ్లడం ఆనవాయితీ కాదని సరళ అంటే, "ఉండబోయేది నేను. చూసేది మాత్రం మీరంతానా?" అని కావ్య తన బట్టలు కూడా సర్దుకుంది. రైలెక్కాక ఒకే ఒక్క మాట అడిగింది:

"వాళ్లకు ఎప్పుడు చెప్తవమ్మా?"

"తాళి కట్టినంక."

"అప్పుడు చెప్తే ఏమంటరో ఆలోచించినవా?"

"అప్పుడు ఏమన్నా ముడి ఊడదు. పండుకో."

విశాఖపట్నం స్టేషన్‌లో వాళ్లకు ఎదురు వచ్చింది నూకరత్నం కాదు. మెడలో గుర్తింపు బిళ్ల, ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం చెవి ఉన్న మనిషి ఒకతను వచ్చి నమస్కారం పెట్టాడు. పేరు పైడిరాజు. యాత్రికులకు ఊరు చూపించడం అతని వృత్తి. నూకరత్నానికి పిన్నికొడుకు. ఆమె అతనికి అప్ప, అంటే అక్క.

"అప్ప పంపిందండి. ఈ రోజల్లా నానూ, ఈ కారూ మీకోసమే. ప్రైవేట్ టూరండి, పక్కన ఇంకెవరూ ఎక్కరు. హోటల్లో గదుంది, స్నానం సేసీసి టిఫిన్ తినేస్తే బయల్దేరిపోదాం. కొండ, బీచి, సబ్‌మెరైను అన్నీ సూసుకుని సాయంత్రానికి అప్ప ఇంటికి."

"ముందుగాల ఇంటికి పోదం తమ్ముడూ. ఊరు ఎటు పోతది?" అన్నది సరళ.

"అబ్బే, సాయంత్రమేనండి. అప్ప గట్టిగా సెప్పింది."

సరళ మరి మాట్లాడలేదు. మాట్లాడకపోవడమంటే ఒప్పుకోవడం కాదు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన వియ్యాలవారిని గడపలోకి రానివ్వకుండా, కాసిని మంచినీళ్లు ఇవ్వకుండా, హోటల్లో దింపి ఊరు చూడమనడం ఏ మర్యాద కిందికి వస్తుందో ఆమె తనకు తెలిసిన మర్యాదలన్నిటిలోనూ వెతికింది. దొరకలేదు. అయితే తక్కువ చూపు చూస్తున్నారు, లేకపోతే ఏదో దాస్తున్నారు. దాచేవాళ్ల సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు అన్న తలపు వచ్చి, ఆ తలపును ఆమె వెంటనే తోసేసింది.

పైడిరాజు తన పని శ్రద్ధగా చేశాడు. స్టీరింగ్ ముందు కూర్చున్నంతసేపూ అతనిది పుట్టిన ఊరి భాష. కారు దిగి చెయ్యి చాపి ఏదైనా చూపించడం మొదలుపెడితే మాత్రం పాఠ్యపుస్తకం. "ఎత్తైన ఈ కొండ మీద నుంచి తూర్పు తీర సౌందర్యాన్ని సంపూర్ణంగా తిలకించవచ్చు" అన్నాడు కైలాసగిరి మీద. కావ్య సముద్రాన్ని తిలకించింది, ఫొటోలు తీసింది, శివపార్వతుల విగ్రహం ముందు తల్లిని నిలబెట్టింది.

"నవ్వవే అమ్మా. పాస్‌పోర్టు ఫొటో లెక్క నిలబడ్డవ్."

"దేవుని ముందట పండ్లు కనపడాల్నా?"

"పార్వతీదేవి నవ్వుతాంది, చూడు."

"ఆమెకు ఇయ్యంపురాలు లేదు" అన్నది సరళ. పైడిరాజు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

జలాంతర్గామి దగ్గర అతను మరింత ఉత్సాహం తెచ్చుకున్నాడు. ఒడ్డుకు లాగి నిలబెట్టిన ఆ ఇనుప చేప కడుపులోకి తీసుకువెళ్లి, ఇంత ఇరుకులో డజన్లకొద్దీ మనుషులు కిటికీ అన్నది లేకుండా వారాల తరబడి నీటి కింద బతికేవారని, ఎండ మొహం చూసేవారు కాదని వర్ణించాడు. సరళ ఒకదాని మీద ఒకటిగా ఉన్న పడకలను, మోచెయ్యి తిరగని వంటగదిని పరీక్షగా చూసింది. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేసే మనిషి ఆమె.

"మరి తడి బట్టలు ఏడ ఆరేసేటోళ్లు?"

పైడిరాజు నోరు తెరిచి, మూసి, "ఇది ఎవరూ అడగనేదండి" అన్నాడు.

"గాలి తిరగని కాడ బట్టలు ఆరవు. ఆరినా ముక్కిన వాసన పోదు. ఊకె అడిగిన."

కావ్య తల్లి వైపు చూసింది. ఆ చూపులో హాస్యం లేదు.

తర్వాత బీచికి వచ్చారు. ఇంత నీటిని ఒక్కచోట చూడటం సరళకు జీవితంలో అదే మొదలు. శామీర్‌పేట చెరువు నిండిన ఏడు, అవతలి గట్టు మసకబారితే అదే పెద్ద వింతగా చెప్పుకునేవారు. ఇక్కడ అవతలి గట్టే లేదు. ఇసుకలో చెప్పులు విడిచి, నీళ్లు పాదాలను తాకి పోతుంటే ఆమె చాలాసేపు అట్లాగే నిలబడింది. మనసులో దాచుకున్నవీ, దాచలేనివీ కాసేపు ఎక్కడికో పోయాయి.

అప్పుడు కొంగు ఆమె భుజం మీదుగా ముందుకు ఎగిరి, సముద్రం వైపు చాచుకుంది. సరళ దాన్ని లాగి నడుముకు దోపుకుంది. వెంట్రుకలు కూడా వెనక నుంచి వచ్చి కళ్లలో పడ్డాయి. ఆమెకు వింతగా తోచింది. ఎదురుగా ఇంత సముద్రం ఉంది. గాలి మాత్రం వీపు వైపు నుంచి, ఊళ్లో నుంచి వస్తోంది.

"తమ్ముడూ, సముద్రం కాడ గాలి సముద్రం నుంచి రావాలె గద?"

"పొద్దున నేల గాలండి. ఎండ బాగా కాసినాక తిరిగి సముద్రం మీంచి కొడద్ది. ఇయ్యాల మబ్బేసింది కదా, ఆలీసమౌద్ది" అన్నాడు పైడిరాజు. అంటూ ఉండగానే అతని ఫోన్ మోగింది. అతను మర్యాద కోసం కొంచెం వెనక్కి నడిచి, ఊరి వైపు నిలబడి మాట్లాడాడు. అటు నిలబడినవాడి మాట ఇటు ఎంత స్పష్టంగా వస్తుందో అతను గమనించినట్టు లేదు. మాటను మోసుకొచ్చింది కూడా ఆ నేల గాలే.

"ఇంకా తిరగనేదప్పా... ఏటి సెయ్యమంటావు, జెండాలన్నీ సముద్రం ఏపే ఎగిరిపోతన్నాయి... తీసుకురానులే, తీసుకురాను. గాలి తిరిగేదాకా తిప్పుతాను. లైట్‌హౌసుంది, పార్కుంది... ఆవిడకేటి తెల్దు, నువ్వు బెంగెట్టుకోకు."

సరళ కదలలేదు. పాదాల కింద ఇసుకను నీళ్లు తోడుకుపోతున్నాయి.

ఆ సమయంలో ఆ తీరం మీద ఎందరో మనుషులున్నారు. పల్లీలు అమ్మేవాళ్లు, గుర్రం ఎక్కించేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, మంచి చదువులు చదివి పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు. వాళ్లలో ఎవరు ఆ నాలుగు ముక్కలు విన్నా, ఏదో పడవ సంగతి అనుకుని వదిలేసేవారు. అవి చుట్టాలను వేళ చూసి ఇంట్లోకి తెచ్చుకునే మనిషి మాటలని తెలియాలంటే జవహర్‌నగర్‌లో కాపురం చేసి ఉండాలి. దుండిగల్ వాళ్లను మల్లేష్ కీసరగుట్ట ఎక్కిస్తుండగా, తాను డాబా మీద నిలబడి కొంగు చూసుకుంటూ ఫోన్లో అన్నది ఇదే మాట: ఇంకా తిరగలే, ఇంకో చుట్టు తిప్పు.

మొదట ఆమెకు కలిగింది సంతోషమే, అందులో సందేహం లేదు. పైచేయి తనదైందన్న సంతోషం. ఈ కారు, ఈ హోటలు, ఈ కొండలు, తిలకించడాలు అన్నీ ఒక కంపును కప్పడానికేనని తెలిసిపోయింది. ఇక తాను ఏమీ ఎరగనట్టు సాయంత్రం దాకా తిరిగి, తిరిగిన గాలిలో ఆ ఇంటి గడప తొక్కి, బాగుందని మెచ్చి, ఆ పిమ్మట వాళ్లను చెరువు ఎదుట ఇంట్లోకి పిలిచి అదే మెప్పు తిరిగి పుచ్చుకోవచ్చు. ఇచ్చిపుచ్చుకోవడం సరిపోతుంది. రెండు అబద్ధాలు వియ్యమందుకుంటాయి.

కాని ఆ సంతోషం నిలవలేదు. ఈ పాటికి ఆ ఇంట్లో నూకరత్నం ఏం చేస్తున్నదో సరళకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. కిటికీలు మూస్తుంది. మళ్లీ ఉక్కపోస్తుందని తెరుస్తుంది. అగరుబత్తులు వెలిగిస్తుంది. గుమ్మంలోకి వచ్చి పైకి చూస్తుంది. చేసిన వంటకాల మీద మూతలు సరిగా పడ్డాయో లేదో నాలుగోసారి చూస్తుంది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగి ఉండదు. ఏ తప్పూ చేయని ఆడమనిషి, చేసినదానిలాగా, తన ఇంట్లోనే.

సరళ నీళ్లలో నుంచి వచ్చి చెప్పులు తొడుక్కుంది. కారు ఎక్కాక, పైడిరాజు లైట్‌హౌస్ చరిత్ర మొదలుపెట్టబోతుండగా అడిగింది.

"మీ అక్క ఇంటి ముందట ఏమున్నది తమ్ముడూ?"

"సముద్రమేనండి. గుమ్మంలోంచి కనబడిపోద్ది."

"ఎనుక?"

పైడిరాజు అద్దం సరిచేసుకున్నాడు. "ఎనకాల ఏటుంటాదండి. మామూలే."

"మామూలంటే?"

"కాళీ స్థలమండి."

"కాళీ స్థలం వాసన రాదు గద."

కారు వేగం దానంతట అదే తగ్గింది. కావ్య ఫోన్లో నుంచి తలెత్తింది. పైడిరాజు రోడ్డు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, ముందుకే చూస్తూ అన్నాడు: "ఎండుసేపలండి. ఊరోళ్లందరూ అక్కడే ఆరబెడతారు. అప్పది కూడా అదే వ్యాపారం. ఆళ్లాయన గుజరాత్ బోట్ల మీదికెళ్లిపోతే ఏడాదిలో సగం రోజులు ఈ వ్యాపారం మీదే ఇల్లు నడిచింది, సాయి సదువు సాగింది. పొద్దున గాలికి కంపంతా ఇంట్లోకే కొడద్ది. సముద్రం గాలి తిరిగితే అటు రోడ్డేపుకి పోద్ది. లోగడ పెద్దోడికి, అదే సాయి అన్నకి, సంబంధమొచ్చినోళ్లు గుమ్మంలోంచే ఎనక్కెళ్లిపోనారు. అందుకని అప్ప బయపడింది. తప్పుగా అనుకోకండి."

కావ్య ఒక్కసారిగా నవ్వింది. ఆపుకోబోయి మళ్లీ నవ్వింది. "అందుకేనా. మనింట్ల కూసుండి బజ్జీలు తింటుంటే నేను మస్తు ప్రేమ అనుకున్న. ముక్కు అలవాటు."

"నోరు ముయ్యి" అన్నది సరళ, కోపం లేకుండా. "ఇంటికి పోనీ తమ్ముడూ."

"ఇప్పుడా? అప్ప నన్ను బతకనివ్వదండి."

"నేను చెప్త. పోనీ."

ఇళ్ల వరస సముద్రానికి అతి దగ్గరగా ఉంది. దాని వెనక, రోడ్డుకూ ఇళ్లకూ నడుమ, ఇసుక నేల మీద పరిచిన వలల పొడవునా నెత్తళ్లనే సన్న చేపలు వెండి పొట్టులాగా మెరుస్తున్నాయి. వెదురు దండేల మీద సావిళ్లనే పొడుగు చేపలు నాడాల్లాగా వేలాడుతున్నాయి. కారు తలుపు తీయగానే వాసన ఒక గోడలాగా వచ్చి నిలబడింది. ఒక్క రాత్రి ప్రయాణానికే సరళ ముక్కుకు ప్రాణం వచ్చిందో ఏమో, ఉప్పు, చేప, ఎండ, మూడూ విడివిడిగా తెలిశాయి. కావ్య చున్నీ సర్దుకుంది. ముక్కు దాకా తీసుకుపోలేదు.

నూకరత్నం వెనక కిటికీకి తడి దుప్పటి కడుతోంది. పీట మీద నిలబడి ఉంది, నోట్లో మేకు ఉంది, పాత చీర మోకాళ్ల దాకా దోపి ఉంది. గదిలో అగరుబత్తుల పొగ దట్టంగా కమ్ముకుంది. అలికిడికి తిరిగి చూసి, మేకు చేతిలోకి తీసుకుని, మొదట పైడిరాజును చూసింది.

"నీకు బుద్దుందేట్రా? సాయంత్రం అన్నానా నేదా?"

"ఆవిడే రమ్మన్నారప్పా."

నూకరత్నం పీట దిగింది. చీర దించుకుంది. ఆమె ముఖంలో సిగ్గు ఎర్రగా పొంగి మెడ దాకా పాకింది. "కూకోండి ఒదినగోరూ. ఈ పొద్దు... కొంచెం గాలి ఇటేపు..."

"తిరగలే. నాకు ఎర్కే" అన్నది సరళ. ముందుకు వెళ్లి, ఆమె చేతిలో నుంచి దుప్పటి కొస తీసుకుని కింద పెట్టింది. "ఈ దుప్పటి తోని ఏం ఆగది వదినా. నేను ఎన్నో కట్టి చూసిన."

నూకరత్నానికి అర్థం కాలేదు.

సరళ కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనేమో, చెప్పలేనేమో అని భయపడింది. కావ్య గుమ్మం దగ్గరే ఆగి తల్లిని చూస్తోంది. ఈ మాట బయటపడితే ఈ సంబంధం కూడా గుమ్మంలో నుంచే వెనక్కి పోవచ్చు. ఈసారి పోతే పోయేది ఎవరో మేనత్త తెచ్చిన సంబంధం కాదు, పిల్ల కోరుకున్న మనిషి.

"మాది శామీర్‌పేట కాదు" అన్నది సరళ. "అది మా చిన్నమ్మ ఇల్లు. మాది జవహర్‌నగర్. పట్నం చెత్తంత మా కాడ్నే పోస్తరు. మాకు గూడ గాలి చూసి చుట్టాల్ని పిలుసుడే. మీది తిండి వాసన. ఎండబెట్టి అమ్ముకుంటున్నరు, పిల్లల్ని సదివించిన్రు. దాన్ని దాసుకునుడు ఎందుకు? మాది తిండి వాసన గాదు. ఎవరో తిని పారేసిన వాసన. గది దాసిపెట్టి మీ ఇంట్ల కూసుండుడు నా తోని కాదు."

పైడిరాజు మెల్లగా బయటికి జారుకున్నాడు.

"సెరువు ఎదురుగా అన్నారు" అన్నది నూకరత్నం చివరికి. ఆమె గొంతులో నొప్పి ఉంది. "నాను ఊరంతా సెప్పుకున్నాను. సెరువు ఎదురు ఇంటి పిల్లని."

"చెప్పిన. తప్పే."

"మా సాయికి తెలుసా?"

"తెలుసు ఆంటీ" అన్నది కావ్య. "మొదటి రోజు నుంచి తెలుసు."

"ఆడు నాకు సెప్పనేదు, మీకూ సెప్పనేదు. వొచ్చాక ఆడి సంగతి సూస్తాను." నూకరత్నం పీట మీద కూర్చుండిపోయింది. కొంతసేపటికి, తలెత్తకుండానే, ఒక ఉపాయం చెప్పే స్వరంతో అన్నది: "ఒక పని సేద్దారి ఒదినగోరూ. నాకు తెలిసింది, నాకేటి బాద నేదు. ఇక్కడ మాటిచ్చేది మా బావగోరు. మాయన బోటు మీదున్నప్పుడు అన్నీ ఆయనే. ఎల్లారావుగోరంటే పేటంతా లెక్క. ఆయనికి మాత్రం సామీర్‌పేట అనే సెప్దాం. తాళి కట్టీసినాక తెలిస్తే తెలుస్తాది. అప్పుడేటి సేస్తారు?"

తన మాటే. అక్షరం పొల్లుపోకుండా తన మాటే, మరో మనిషి నోట. తాను అన్నప్పుడు అది తెలివిగా వినిపించింది. ఇప్పుడు వింటే, కావ్యను ఎవరో ముసుగు వేసి సందు దాటిస్తున్నట్టు ఉంది. సరళ కూతురి వైపు చూసింది. కావ్య ముఖం మీద దుండిగల్ వాళ్లు వచ్చిన నాటి ముఖమే ఉంది. వింటున్నది, విననట్టు ఉన్నది.

"వద్దు వదినా. జవహర్‌నగర్ అనే చెప్పున్రి. ఇప్పుడే చెప్పున్రి, మేం ఉన్నప్పుడే. కాదంటే మేం ఈన్నుంచే స్టేషన్‌కు పోతం. అవునంటే, నా బిడ్డ తన ఊరి పేరు చెప్పుకుంట మీ ఇంట్లకు వస్తది."

నూకరత్నం లేచి, గూట్లో ఉన్న ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచింది. మోగినంతసేపూ కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"బావగోరూ, నాను రత్నాన్ని. పిల్ల తాలూకోళ్లు వొచ్చీనారు. సాయంత్రం కాదు, ఇప్పుడే. ఒక మాటండి. ఆళ్లది సామీర్‌పేట కాదంట. జవహర్‌నగరంట. అయిద్రాబాదు సెత్తంతా అక్కడే పోస్తారంట. మనకి సేపల కంపులాగ ఆళ్లకి సెత్త కంపంట. ఆవిడే సెప్పింది, ఎదురుగానే ఉంది."

ఫోన్లో గాలి చప్పుడు వినిపించింది. ఆయన ఎక్కడో ఒడ్డున నిలబడి ఉన్నట్టుంది. ఆ తర్వాత బరువైన గొంతు, వెటకారమో ఆశ్చర్యమో తెలియకుండా అడిగింది:

"సెత్త పోసే సోట మనుషులుంటారేటి?"

నూకరత్నం కంగారుపడి ఫోన్ అందుకోబోయింది. సరళ అంతకంటే ముందే దాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఉంటం అన్నా. మేం ఉన్న కాడికే చెత్త వచ్చింది, చెత్త కాడికి మేం పోలే. వేల మందిమి ఉంటం. వండుకుంటం, తింటం, పిల్లల్ని సదివించుకుంటం. నా బిడ్డ అక్కడ్నే పుట్టింది, అక్కడ్నే సదివింది. మీరు రాన్రి, చూడున్రి. మంచి రోజు చూసి పిలువను. మీకు వీలైన రోజు రాన్రి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నా నేనేమనుకోను. కానీ పాయసం గిన్నె మాత్రం మిగిలిస్తమంటే ఇప్పుడే చెప్పున్రి, మేం పోతం."

గుమ్మం దగ్గర కావ్య ఒక అడుగు లోపలికి వేసి, తల్లి పక్కకు వచ్చి నిలబడింది.

అవతలి నుంచి గాలి చప్పుడు ఒక్కటే వచ్చింది. ఎల్లారావు ఎవరికో దూరంగా "ఉండండ్రా, ఒక్క నిముషం" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, రాత్రి ఎప్పుడనగా బయల్దేరినారో. మా మరదలు అన్నం పెట్టిందా నేదా?"

సరళ నూకరత్నం వైపు చూసింది. ఆమె అప్పటికే లేచి గిన్నెల మూతలు తీస్తోంది.

"పెడ్తాంది అన్నా" అన్నది సరళ. అని, ఆ ఇంట్లో మొదటిసారి కూర్చుంది.